గంగామణికి ఇంగ్లీషు రాదన్నవాళ్ళకు

మొన్న నవీపేటలో గంగామణి సంతాపసభ జరిగింది. ఆమె చివరగా పనిచేసి రిటైరైన బడిలోనే పెట్టారు. చిన్ననాటి స్నేహితురాలినని నన్ను తీసుకెళ్ళి వేదిక మీద కూర్చోబెట్టారు. ఆమె దగ్గర చదువుకుని ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్న ఒకాయన మైకు పట్టుకుని, చాలా ప్రేమగానే, "మా మేడం చిన్నప్పుడు యూనివర్సిటీ ఎంట్రెన్సులో ఇంగ్లీషు పాసేజీ అర్థంకాక ఫెయిలయ్యారట. అయినా నిరాశపడకుండా మా లాంటి వందలమందికి ఇంగ్లీషు నేర్పారు" అన్నాడు. జనం తలలూపారు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. లేచి ఆ మైకు లాక్కుని, అది అబద్ధం అని అరవాలనిపించింది. అరవలేదు. నా వంతు వచ్చినప్పుడు నేను కూడా పొడిపొడిగా నాలుగు మంచిమాటలు చెప్పి కూర్చున్నాను. ఎందుకంటే ఆ అబద్ధం మొట్టమొదట పుట్టింది నా నోట్లోంచే. వేదిక మీద చెప్పలేనిది కాగితం మీదైనా చెప్పకపోతే ఈ మంట తగ్గదని ఇది రాస్తున్నాను.

మా ఇద్దరిదీ ఒకే ఊరు. బోధన్‌కు రెండు కోసుల దూరం. చలికాలం మొదలైందంటే ఊళ్ళో ఎటు చూసినా చెరకే. బండ్ల మీద చెరకు, దారిలో రాలిన చెరకు, పిల్లల నోళ్ళలో చెరకు. గాలి వాటాన్ని బట్టి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వాసన ఒకరోజు కాగుతున్న బెల్లంలా, మరోరోజు పులిసిన కల్లులా వచ్చేది. ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి రాలేది. మాకు నాలుగెకరాల చెరకు, ఓ మడిచెక్కలో పసుపు ఉండేది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఇంట్లో అన్నానికీ, నీళ్ళకూ, చివరికి నా పుస్తకాల అట్టలకూ ఆ పచ్చి మట్టివాసనే. బాపు తక్కువ మాట్లాడే మనిషి. చెరకు కొట్టే రోజుల్లో ఆయన చేతులు చూడలేకపోయేదాన్ని. చెరకాకు అంచు రంపంలా ఉంటుంది. మోచేతుల దాకా సన్నటి ఎర్రగీతలు పడి, వాటిలో చెమట దిగి మంటెత్తేవి. పొద్దుగూకే వేళ ఇంటికి రాగానే అవ్వ, అంటే బాపువాళ్ళ అమ్మ, పసుపు కలిపిన నూనె వెచ్చచేసి ఆ గీతల మీద రాసేది. బాపు పళ్ళు బిగబట్టి గోడకేసి చూస్తూ ఉండేవాడు.

ఇంటి పెత్తనమంతా అవ్వదే. కోడి కూయకముందే లేచి వాకిలి ఊడ్చి పేడనీళ్ళ సాంపి చల్లేది. నోట్లో తమాకు పెట్టుకుని, బావిలోంచి మొదటి బొక్కెన తోడేదాకా ఆమెను ఎవరూ పలకరించకూడదు. ఆ బావి మా ఇంటి ఎదురుగానే ఉండేది. తవ్వించింది మా తాత. గంగామణి వాళ్ళమ్మ సాయవ్వ రోజూ పొద్దున రెండు కుండలు పట్టుకుని వచ్చి, బావి గద్దెకు నాలుగడుగుల అవతల నిలబడేది. గద్దె ఎక్కకూడదు, చేంతాడు ముట్టకూడదు. వాళ్ళ వాడలో మంచినీళ్ళ బావి లేదు. మా ఇంటి ఆడవాళ్ళలో ఎవరికో తీరిక చిక్కి, తోడి పోసేదాకా నిలబడాల్సిందే. అవ్వ పోసేటప్పుడు తన బొక్కెన ఆ కుండకు తగలకుండా చెయ్యి బాగా ఎత్తి పోసేది. సగం నీళ్ళు కుండలో, సగం నేలమీద. అవ్వను చెడ్డమనిషని ఊళ్ళో ఎవరూ అనలేదు. సాయవ్వకు జ్వరం వస్తే గటక కాచుకోవడానికి జొన్నలు పంపింది అవ్వే. గంగామణి బడికి పోతానంటే, పోనియ్యమని సాయవ్వను మందలించింది కూడా అవ్వే. ఈ మాట రాస్తుంటేనే నాకు కోపం వస్తోంది. అంత మంచితనమూ ఆ నాలుగడుగులు దాటలేకపోయింది. మేము దాన్ని మంచితనమనే అనుకుంటూ పెరిగాం.

నేనూ గంగామణీ బోధన్ హైస్కూల్లో ఒకే తరగతి. కలిసి నడిచివెళ్ళేవాళ్ళం. తిరిగి వచ్చేటప్పుడు ఊరి పొలిమేర రాగానే ఆమె తనంతట తానే పది అడుగులు వెనకబడేది. నేనెప్పుడూ ఎందుకని అడగలేదు. ఇంగ్లీషులో తరగతికల్లా ఆమెదే మొదటి స్థానం. నాకు లెక్కలు వచ్చేవి కానీ ఇంగ్లీషు వాక్యం చూస్తే ఏమీ తోచేది కాదు. స్కూలు చదువు, ఆపైన ఇంటర్ పూర్తయ్యాక యూనివర్సిటీ ప్రవేశపరీక్ష రాయాలనుకున్నాం. అందులో ఇంగ్లీషు పేపర్లో ఒక పాసేజీ ఇచ్చి కింద ప్రశ్నలడుగుతారు. తెలుగు మీడియం పిల్లలందరూ బోర్లాపడేది అక్కడే. ఆ పాసేజీల కోసమే వారానికి మూడురోజులు బస్సెక్కి నిజామాబాద్ వెళ్ళి, ఒక లెక్చరర్ దగ్గర ట్యూషన్ చెప్పించుకునేవాళ్ళం. ఆయన సైక్లోస్టైల్ కాగితాలు ఇచ్చేవారు. ఇద్దరికీ కలిపి ఒకటే కాగితం. మిగతా రోజుల్లో మధ్యాహ్నం అవ్వ నిద్రపోయాక మా ఇంటి అరుగు మీద చదువుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే అరుగు మీద కూర్చునేది నేను. గంగామణి కింద మెట్టు మీద, నాకు ఎదురుగా కూర్చునేది. కాగితం నా చేతిలో ఉండేది కాబట్టి ఆమెకు అది తలకిందులుగా కనబడేది. అయినా నాకంటే ముందే చదివేసి, "అయిందా? కింది ప్రశ్నలకు పోదామా?" అని అడిగేది. దాహమైతే దోసిలి పట్టేది. నేను చెంబెత్తి పోసేదాన్ని.

ట్యూషన్ సారు కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. తెల్లటి బట్టలు, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు. పాఠం బాగా చెప్పేవారు, కాదనను. కానీ మేము నోరు విప్పితే చాలు, ఆయన పెదవుల చివర ఒక నవ్వు మొలిచేది. ఒకసారి చెరకు గురించి పాసేజీ ఇచ్చారు. అందులో రైతు ఉదయపు ఎండలో పాట పాడుకుంటూ చెరకు కోస్తాడు. పిల్లలు చుట్టూ గంతులేస్తారు. బండి నిండా తీపి నింపుకుని ఫ్యాక్టరీకి బయల్దేరతాడు. కోతరోజున రైతు మనసులో ఏముంటుంది అన్నది ప్రశ్న. ఇన్నాళ్ళకు నాకు తెలిసిన సంగతి వచ్చిందని సంబరపడిపోయి, వచ్చీరాని ఇంగ్లీషులో అరపేజీ రాశాను. మా బాపు పాడడని, ఎడ్లను తిడతాడని, ఆకు కోసి చేతులు మండుతాయని, ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్ల వరసలో పొద్దంతా ఎండలో కూర్చుంటాడని. సారు దాన్ని పైకి చదివారు. ఒక్కో తప్పు దగ్గరా ఆగి చదివారు. అక్కడున్న ఎనిమిదిమంది మగపిల్లలూ పడీపడీ నవ్వారు.

"ఏమ్మా సుశీలా, మీ నాన్న చేతుల సంగతి నిన్నెవరడిగారు?" అన్నారు సారు.

"మా బాపు నిజంగనే పాడడు సార్. మా ఊర్ల ఎవ్వరు పాడరు."

"మీ బాపు పాడకపోతే అది మీ బాపు కర్మ. పాసేజీలో రైతు పాడుతున్నాడా లేదా? పాడుతున్నాడంటే సంతోషంగా ఉన్నట్టు. అంతే జవాబు. పాసేజీలో ఉన్నదే రాయాలి. మీ ఊరు, మీ వాడ, మీ గోడు ఎవరికీ అక్కర్లేదు. సున్నా."

గంగామణి కాగితానికి నిండా మార్కులు వచ్చాయి. పాడుతున్నాడు కాబట్టి సంతోషంగా ఉన్నాడని రెండు వాక్యాలు రాసింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఏడుస్తుంటే మెల్లగా చెప్పింది. "గట్లెందుకు రాసినవే? గా కాగితం ఏం చెప్తే మనం గదే చెప్పాలె. మన సంగతి ఇంటికాడ పెట్టి రావాలె. ఇది పరీక్ష, పంచాయితి గాదు." ఆ కిటుకు నాకు నేర్పింది గంగామణే. సారు అవమానించి నేర్పలేకపోయినదాన్ని ఆమె బస్సులో బోధన్ వచ్చేలోపు నేర్పేసింది. దీన్ని గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మొన్నటి సభలో కూర్చున్నవాళ్ళలో ఒక్కరికీ ఇది తెలియదు.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. బాపు జొన్నరొట్టె తుంచుతూ ఆగిపోయి, "ఏందీ? పాట పాడుకుంట చెరుకు కొడ్తడా?" అని పగలబడి నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వి నవ్వి, చివరికి ముఖం గంభీరంగా పెట్టి, "గది రాసినోన్ని తెచ్చి ఒక్క దినం మన మడిల నిలవెట్టాలె. పాట గాదు, బొబ్బలు వెడ్తడు" అన్నాడు. కాసేపటికి మళ్ళీ తానే, "అయినా సార్ చెప్పినట్టే రాయి బిడ్డ. నువ్వు పాస్ గావాలె. నా చేతుల సంగతి తెల్సుకొని వాళ్ళకేం ఫాయిదా?" అన్నాడు. ఆ మాటకు అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు మాత్రం అడగాలనిపిస్తుంది. తన చేతుల సంగతి ఎవరికీ అక్కర్లేదని ఒక మనిషి రొట్టె తింటూ మామూలుగా ఒప్పుకోవలసి రావడం ఏమిటి? కూతురికి చదువు కావాలంటే ఆ మాట ఆయన చేతే అనిపించాలా?

పరీక్ష నిజామాబాద్‌లోనే, ఎండాకాలంలో జరిగింది. రేకుల కప్పు కింద హాలు, పెన్ను పట్టుకుంటే చెమటకు జారిపోయేది. గంగామణి నాకు రెండు బల్లల ముందు, పక్క వరసలో కూర్చుంది. పేపర్ తెరిచి చూస్తే పాసేజీ ఒక ఊరి బావి గురించి. ఎవరు రాశారో, ఏ ఊరు చూసి రాశారో తెలియదు. పొద్దున్నే ఊరి ఆడవాళ్ళందరూ బావి దగ్గర చేరతారు. గాజుల చప్పుడు, నవ్వులు, పరాచికాలు. ఒకరి బిందె ఒకరు ఎత్తుకోవడానికి సాయం చేసుకుంటారు. అక్కడ అందరూ ఒక్క కుటుంబం. కింద ఐదు ప్రశ్నలు. మొదటిది, ఊరి ఆడవాళ్ళందరికీ బావి అంటే ఎందుకంత ఇష్టం? నా చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. అందరూ స్నేహితుల్లా కలుసుకుంటారు కాబట్టి, అని రాశాను. మిగతా నాలుగూ అదే ఊపులో రాసేశాను. రాస్తున్నప్పుడు సాయవ్వ నాకు గుర్తుకు రాలేదు. వచ్చి బాధపడ్డానని ఇప్పుడు చెప్పుకుంటే బాగానే ఉంటుంది. కానీ రాలేదు. రోజూ మా ఇంటి ముందు నిలబడే మనిషి, బావి అన్న మాట చూసినా నాకు గుర్తుకు రాలేదు. ఇన్నేళ్ళ తర్వాత నన్ను ఎక్కువ మండిస్తున్నది అదే.

తలెత్తి చూస్తే గంగామణి రాయడం లేదు. పెన్ను కాగితం మీదే ఉంది, చెయ్యి కదలడం లేదు. తర్వాత వంగి గబగబా రాయడం మొదలుపెట్టింది. బయటికి వచ్చాక బస్టాండులో గోలీసోడా తాగుతూ "ఎట్ల రాసినవే?" అని అడిగాను. "రాసిన" అంది. బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి, కోసేసిన చెరకు మోళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

నెల తిరక్కుండానే ఫలితాలు వచ్చాయి. గోడకు అంటించిన జాబితాలో నా నంబరు ఉంది, గంగామణి నంబరు లేదు. మేమిద్దరం మూడుసార్లు వెతికాం. మార్కులు తెలుసుకొచ్చి చెప్పిన సారు, మిగతా పేపర్లన్నీ బాగానే రాసిందని, ఇంగ్లీషు పాసేజీలో మాత్రం ఐదు ప్రశ్నలకూ సున్నాలు వచ్చాయని అన్నారు. "నేను ముందే అనుకున్నాను. వీళ్ళు బట్టీ పట్టగలరు కానీ అర్థం చేసుకోలేరు" అని కూడా అన్నారు. గంగామణి అక్కడే నిలబడి ఉంది. ఆమె సారు ముఖంలోకి సూటిగా చూసింది. ఆమెకు బాగా అర్థమవుతుందని, నాకు నేర్పింది కూడా ఆమేనని నేను చెప్పి ఉండాల్సింది. నా నంబరు గోడ మీద ఉంది, అది చాలనుకున్నాను.

ఇంట్లో అడుగుపెట్టగానే అవ్వ అడిగింది. "గంగామణిది ఏమాయెనే?"

"ఫేలైంది అవ్వా. పాసేజీ సమజ్ కాలేదట."

కాలేదట! ఎవరు చెప్పారు నాకు? గంగామణి చెప్పిందా? సారు విసిరిన మాటను తెచ్చి ఆమె నెత్తిన పెట్టాను. అలా చెప్పడం తేలిక. అలా చెబితే నా గెలుపు నా తెలివిలా కనిపిస్తుంది. అవ్వ ఆ మాటను బావి దగ్గర చెప్పింది. బావి దగ్గర చెప్పిన మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా చుట్టింది. మర్నాడు అవ్వకు నడుం పట్టేసింది. నీళ్ళకు నేను వెళ్ళాను. సాయవ్వ కుండలతో ఎప్పటిలా నిలబడి ఉంది. బొక్కెన పైకి లాగాను. ఆమె కుండ ముందుకు జరిపి, తల దించుకునే అడిగింది.

"బిడ్డా, మా గంగామణికి సమజ్ కాలేదట గద. ఇద్దరు ఒక్కకాడనే సదివిన్రు. నువ్వన్న జర సమజ్ చేపియ్యకపోతివి?"

చెయ్యి ఎత్తి నీళ్ళు పోశాను. అవ్వ పోసినంత ఎత్తునుంచే పోశాను. యూనివర్సిటీకి ఎంపికైన పిల్లనే, ఇంగ్లీషు పాసేజీ అర్థమైన పిల్లనే, అయినా బొక్కెన నాలుగు వేళ్ళు కిందికి దించాలన్నది మాత్రం నాకు తట్టలేదు. సగం నీళ్ళు నేలపాలయ్యాయి. సాయవ్వ తన కాళ్ళ మీద పడిన బురద కొంగుతో తుడుచుకుని, కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

గంగామణి మళ్ళీ ఆ పరీక్ష రాయలేదు. టీచర్ ట్రైనింగ్‌లో చేరింది. నందిపేటలో మొదటి ఉద్యోగం, ఆ తర్వాత నవీపేట. నేను హైదరాబాద్ హాస్టల్లో ఉండి చదివి, ఇంగ్లీషు లెక్చరర్‌నయ్యాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాసేజీలు చెప్పాను. పాసేజీలో ఉన్నదే రాయండి, మీ సొంత కథలు వద్దు అని ఎన్ని వందలసార్లు అని ఉంటానో లెక్కలేదు. సారు గొంతు నా గొంతులో వినిపిస్తున్నా ఆపలేదు. గంగామణి మాత్రం తన బడిలో పాఠం అయ్యాక పిల్లలను రెండు ప్రశ్నలడిగేదట. పుస్తకం ఏమంటున్నది, మీరేమంటరు? రెండో ప్రశ్నకు జవాబు చెప్పనివాళ్ళను కూర్చోనిచ్చేది కాదట. ఇది ఆ సభలో ఒక ఆడపిల్ల చెప్పింది. చెప్పిన వాటన్నిటిలో అదొక్కటే నిజంగా గంగామణి.

మా ఊళ్ళో ఇప్పుడు ఇంటింటికీ నల్లాలున్నాయి. బావి ఎండిపోయింది, పైన ఇనుపజాలీ బిగించారు. మొన్న సభ నుంచి వస్తూ అక్కడ ఆగాను. మా తమ్ముడి కొడుకు నన్ను బావి దగ్గరికి తీసుకెళ్ళి, ఫోనులో ఫోటో తీస్తూ, "ఎంత మంచిగుండెనో గద అత్తా గా రోజులు. అందరు ఈడ్నే నీళ్ళు తోడుకుందురట" అన్నాడు. వాడికి ముప్ఫై ఏళ్ళు. ఆ మాట వాడు పుట్టించింది కాదు, ఇంట్లోనే ఎవరో చెప్పి ఉంటారు. నేను వాడి మీద గట్టిగా అరిచాను. "అందరు కాదు. ఎవరు తోడిన్రో, ఎవరు నిలవడ్డరో నేను చెప్త, కూసో" అని ఆ జాలీ పక్కనే కూర్చోబెట్టి చెప్పాను. వాడు నొచ్చుకున్నాడు. ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుతావన్నాడు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

గంగామణి రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు, నేను ఒక పెళ్ళికని వచ్చి నిజామాబాద్ బస్టాండులో ఆమెను కలిశాను. ఆమె జుట్టు పూర్తిగా నెరిసింది. చేతిసంచిలో దిద్దాల్సిన పేపర్ల కట్ట ఉంది. పక్కపక్కన బల్ల మీద కూర్చుని, పిల్లల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఆ రోజు ఎందుకో ధైర్యం వచ్చింది.

"ఒక్క ముచ్చట అడుగుత. గప్పుడు పరీక్షల గా బాయి ప్రశ్నకు ఏం రాసినవే?"

గంగామణి నవ్వింది. "గిప్పుడు యాదికొచ్చిందా అడుగుడు? మొదలు నీ లెక్కనే రాసిన. అందరు కలుస్తరు, ముచ్చట పెట్టుకుంటరు, గందుకే ఇష్టమని. మల్ల ప్రశ్న ఇంకోసారి సదివిన. 'ఆల్ ద విమెన్' అని ఉన్నది. ఆల్ అంటే అందరు. మా అమ్మ ఆడిది కాదానే? రాసింది కొట్టేసిన. మా ఊర్ల గట్ల లేదు, మా అమ్మ గద్దె కింద నిలవడ్తది అని రాసిన. అయిదు ప్రశ్నలకు గదే రాసిన."

"ఫేలైతవని తెల్వదా?"

"తెల్సు."

"నీకు సమజ్ కాలేదని ఊర్ల చెప్పింది నేనే" అన్నాను.

"ఎర్కనే. మా అమ్మ అప్పుడే చెప్పింది."

"నా మీద కోపం లేదా?"

గంగామణి నా ముఖంలోకి తిన్నగా చూసింది. "ఉన్నది" అంది.

నవీపేట బస్సు వచ్చింది. ఆమె సంచి భుజానికి తగిలించుకుని, పోతున్న అని చెప్పి, తోసుకుంటున్న జనంలోంచి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. సంచిలోంచి పేపర్ల కట్ట తీసి ఒళ్ళో పెట్టుకుని, బస్సు కదలకముందే మొదటి పేపర్ దిద్దడం మొదలుపెట్టింది.